అడుగంటని పాలడబ్బా

పోయిన వారం మనం ఎవాంజెలిన్‌ను ఫక్రున్నీసా వంటగదిలో, చేతిలో పాలపొడి డబ్బాతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎవాంజెలిన్‌ది నరసాపురం. ఖతర్‌లోని దుఖాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా పనిచేస్తోంది. భర్త రాజ్ కిరణ్ వేరే కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. అతని కంపెనీ నాలుగు నెలలుగా సగం జీతం చేతిలో పెట్టి మిగతాది "వచ్చే నెల ఇన్షా అల్లా" అంటోంది. కాబట్టి ఇంటద్దె కట్టేది, కారు వాయిదా కట్టేది ఎవాంజెలిన్ జీతమే. పెళ్ళయిన ఆరేళ్ళకి పుట్టిన ఆండ్రూకి మూడున్నర నెలలు నిండేసరికి ఆవిడ సెలవులన్నీ అయిపోయాయి. అత్తగారు సుసన్న విజిట్ వీసా మీద వచ్చి, ఉండనిచ్చినన్నాళ్ళు ఉండి, కన్నీళ్ళతో విమానం ఎక్కేసింది. నర్సరీలో వేద్దామంటే దోహాలో వేయాలి. దానికయ్యే డబ్బు సంగతి అలా ఉంచినా, పసివాణ్ణి తెల్లవారుజామున నాలుగింటికి లేపి ఎనభై కిలోమీటర్లు మోసుకెళ్ళే తల్లి ఎవరు? చివరికి దొరికింది ఫక్రున్నీసా. ఎవాంజెలిన్ ఎక్కే సైటు బస్సు డ్రైవరు మక్బూల్ భార్య. బోధన్ పిల్ల, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. ఊరి చివర బకాలా అని పిలిచే కిరాణా దుకాణం మీద రెండు గదుల్లో కాపురం. తొమ్మిది నెలల కూతురు సఫియాతో పాటు ఆండ్రూని కూడా చూసుకుంటానంది, నెలకింత అని మాట్లాడుకున్నారు.

ఇక ఆ డబ్బా సంగతి.

ఎవాంజెలిన్ ఉద్యోగమంతా కాగితాలకు కాపలా కాయడమే. ఏ డ్రాయింగు వచ్చినా, ఏ ఉత్తరం వెళ్ళినా దాని మీద తేదీ, నంబరు, సంతకం ఉన్నాయో లేవో చూడాలి. ఆ అలవాటు ఇంటికి కూడా అంటుకుంది. ఆవకాయ సీసా మీద, దగ్గుమందు సీసా మీద కూడా మార్కరుతో తేదీ వేసేస్తుంది. "నా వీపు మీద కూడా ఒకటి వేసెయ్, ఎప్పుడు తెచ్చుకున్నావో గుర్తుంటుంది" అని రాజ్ కిరణ్ ఏడిపిస్తుంటాడు. ఆండ్రూని మొదటిరోజు వదిలినప్పుడు ఆవిడే నెలకు సరిపడే పెద్ద డబ్బా తెరిచి, మూత మీద "అక్టోబర్ 12" అని రాసింది. తెరిచిన నెలలోగా వాడేయాలని డబ్బా మీదే అచ్చు వేసి ఉంది. ఇవాళ నవంబర్ ఇరవై. మిగిలింది పారేసి కొత్తది పెడదామని, పాలిచ్చే తల్లులకు కంపెనీ రోజూ ఇచ్చే గంట వెసులుబాటు ఇవాళ మాత్రం వాడుకుని మూడింటికే బయలుదేరి వచ్చి, వంటగదిలో మూత తీసింది.

డబ్బా నిండుగా ఉంది. లోపలి చెంచా, ఐదు వారాల కిందట తను గుచ్చిన చోటే, తను గుచ్చినట్టే ఉంది.

మరి ఐదు వారాలుగా పగలంతా నా కొడుకు ఏం తాగి బతికాడు? పోయిన వారం ఆ ప్రశ్న దగ్గరే ఆగాం.

"ఫక్రున్నీసా!"

"వస్తున్న మేడం. పోరనికి పౌడరేస్తున్న."

అవతలి గదిలోంచి సఫియా కేకలూ, దాని వెనకే ఆండ్రూ నవ్వూ వినబడ్డాయి. నవ్వుతున్నాడు. ఎండిపోయిన పిల్లవాడు అలా నవ్వడు. పోయిన నెల టీకాకి తీసుకెళ్తే బరువు తూచిన నర్సు కూడా "మాషా అల్లా" అంది. ఆ మాటకి తను ఎంత పొంగిపోయింది! డబ్బాపాలు పడ్డాయి, దేవుడు గట్టెక్కించాడు అని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. ఇప్పుడు అదంతా తలుచుకుంటే ఒళ్ళు మండింది. పస్తు పెట్టలేదు, సరే. మరి ఏం పట్టింది?

ఎవాంజెలిన్ ఫ్రిజ్ తలుపు లాగింది. కింది అరలో రెండు పెద్ద మంచినీళ్ళ సీసాల నిండా పాలున్నాయి. లేబులు లేదు, తేదీ లేదు, ఏ పాలో రాసి లేదు. మూత తీసి వాసన చూస్తే ఉప్పదనంతో కూడిన పచ్చి వాసన వచ్చింది.

ఫక్రున్నీసా ఆండ్రూని తువ్వాలులో చుట్టి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. సఫియా వెనకాల పాక్కుంటూ వచ్చి తల్లి కాలు పట్టుకుంది.

"ఇవేం పాలు?" అంది ఎవాంజెలిన్.

"ఒంటె పాలు మేడం. రెండు దినాలకోసారి మక్బూల్‌కు షహానియా ట్రిప్పుంటది గదా. ఆడ ఒంటెలు కాసెటోళ్ళు మనోళ్ళే ఉన్నరు, వాళ్ళిస్తరు."

"ఐదు నెలల బిడ్డకి ఒంటె పాలు పడుతున్నావా? కాచకుండా, చల్లార్చకుండా, ఎవడో పశువుల కొట్టంలో పిండి సీసాలో పోసిచ్చినవి?"

"అయ్యయ్యో, పోరనికి గాదు మేడం!" ఫక్రున్నీసా నవ్వేసింది. "నేను తాగుత."

"నువ్వొక్కదానివే? రెండు సీసాలా?"

"ఇద్దరికి సరిపోవాలె గదా..."

అని, నాలుక కరుచుకుంది.

అంతే. ఐదు వారాలు గుట్టుగా దాచిన సంగతి ఆ ఒక్క మాటతో బయటపడింది. ఫక్రున్నీసా ముఖంలో రంగు మారింది. ఎవాంజెలిన్‌కి మాత్రం వెంటనే అర్థం కాలేదు. ఇద్దరంటే ఎవరు? మొగుడూ పెళ్ళాలా? అలా ఆలోచిస్తూ ఉండగానే ఆండ్రూ భుజం మీంచి తల వాల్చి, ఫక్రున్నీసా దుపట్టాలో ముఖం దూర్చి, నోటితో వెతకడం మొదలుపెట్టాడు. వెచ్చగా ఉందని అలా ఒదిగిపోతాడనుకునేది తను. ఈ ఐదు వారాల్లో ఎన్నిసార్లు చూసిందో, చూసి ఎన్నిసార్లు మురిసిపోయిందో!

ఎవాంజెలిన్ డబ్బాని గట్టు మీద పెట్టింది.

"నీ పాలిస్తున్నావా?"

ఫక్రున్నీసా తల వంచుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగో దినం సంది."

"నాలుగో రోజు నుంచా! ఇచ్చి, రోజూ సాయంత్రం నేను వచ్చి పాలు తాగాడా అని అడిగితే, మంచిగ తాగిండు మేడం అన్నావు. నా మొహం చూసి అన్నావు."

"అబద్ధం చెప్పలె మేడం. తాగిండు."

ఇలాంటి జవాబుకి ఎవరికైనా కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఎవాంజెలిన్ రెండు అడుగులు వేసి ఆండ్రూని లాగేసుకుంది. కొడుకు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. తమ్ముడు ఏడిస్తే తానూ ఏడవాలన్న లెక్కతో సఫియా కూడా గొంతెత్తింది. ఫక్రున్నీసా కూతుర్ని చంకనేసుకుని, ఆ గోల మధ్యనే చెప్పడం మొదలుపెట్టింది.

"మొదటి మూడు దినాలు చెంచతోని గింతంత పట్టిన మేడం, మీరు పిండి పెట్టిపోయిన పాలు. నాలుగో దినం అవి గూడ లేకుండె. మీరు ఇంట్ల కలిపి తెచ్చిన డబ్బాపాల సీసా పెడ్తె ఉమ్మిండు. చెంచ పెడ్తె ఉమ్మిండు. పొద్దుగాల పది సంది పన్నెండున్నర దాక ఏడ్చిండు. గొంతు బొంగురువోయింది. పెదవులెండినయి. నా చేతులల్ల సోలిపోయినట్టయిండు. మీకు ఫోన్ చేసిన. ఏడుసార్లు చేసిన."

ఏడుసార్లు. ఆ మాట నిజమే. గేటు దాటాక ఫోన్లు పనికిరావు, లాకర్లో పెట్టి వెళ్ళాలి. ఆ బుధవారం బయటికి వచ్చి ఫోన్ తీస్తే ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వెంటనే తిరిగి చేస్తే, "ఏం లేదు మేడం, ఇగ బాగనే ఉన్నడు, పండుకున్నడు" అంది. తను ఆ మాట నమ్మింది. నమ్మడం అంత సుఖంగా ఉండింది మరి.

"అప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"చెప్తె మీరు నౌకరి ఇడిసిపెడ్తరని అన్నరు..."

"ఎవరన్నారు?"

ఫక్రున్నీసా దుపట్టా అంచు వేలికి చుట్టుకుంది. "ఎవరు లేరు. నేనే అనుకున్న."

ఎవాంజెలిన్ ఆ తడబాటు పట్టించుకోలేదు. ఆవిడ చెవుల్లో వేరే హోరుంది. ఆవిడకి కోపం వచ్చింది, నిజమే. కానీ కోపం కింద ఉన్నది అసూయ. దాచడమెందుకు? పచ్చి అసూయ. సెలవులయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరిన మొదటి వారం రికార్డు గదిలో, పాత ఫైళ్ళ మధ్య, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పంపుతో పాలు పిండుకునేది. ఎవరో ఒకరు తలుపు కొట్టేవారు, ఫలానా డ్రాయింగు కావాలని. గుండెలో దడ వస్తే పాలు రావని అప్పుడే తెలిసింది. మొదటి రోజు సీసాలో సగం వరకైనా వచ్చాయి, నాలుగో నాటికి అడుగు కూడా తడవలేదు. ఇక పొద్దున్నా రాత్రీ మాత్రమే తన పాలు, పగలు డబ్బాపాలు అని మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ పగలే ఇలా వేరే ఆడమనిషికి దక్కింది.

"నీకేదైనా జబ్బుంటే?" అంది కటువుగా. అనకూడని మాట అని తెలిసే అంది. "నీ ఒంట్లో ఏముందో నాకేం తెలుసు? ఏం మందులు వాడుతున్నావో ఏం తెలుసు?"

ఫక్రున్నీసా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సఫియాని కింద దింపి, మంచం కింది సూట్‌కేసు లాగి, అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. క్లినిక్ రిపోర్టు. పేరు ఫక్రున్నీసా, వయసు ఇరవై నాలుగు. రక్తపరీక్షలన్నీ ఒకదాని కింద ఒకటి, అన్నిటి ఎదురుగా లేదు, లేదు, లేదు అని ఉన్నాయి. తేదీ అక్టోబర్ 16.

పాలివ్వడం మొదలుపెట్టిన మర్నాడే పరీక్ష చేయించుకుంది! ఎవాంజెలిన్‌కి ఒక్క క్షణం సిగ్గేసింది. కాగితం మడిచి చేతిలోనే పట్టుకుంది.

"ఇంకో ముచ్చట గూడ చెప్పాలె," అంది ఫక్రున్నీసా ముక్కు తుడుచుకుంటూ. గోడ అలమరాలో ఖురాను పక్కన ఉన్న కవరు తీసింది. నవంబరు మొదట్లో తను ఇచ్చిన జీతం కవరే అది. అంటించింది అంటించినట్టే ఉంది. "ఇది తీసుకోండ్రి. మక్బూల్ ముట్టనియ్యలె. మాలో పాలు తాగిన పిలగాడు కొడుకైతడు మేడం. ఒట్టిగ అనుడు గాదు. నిజంగనే కొడుకు. సఫియాకు తమ్ముడు. రేపు పెద్దగైనంక వీళ్ళిద్దరికి లగ్గం గూడ గాదు. కొడుకును సాదినందుకు పైసల్ తీసుకుంటమా?"

ఎవాంజెలిన్ కవరు వంక చూసింది కానీ చెయ్యి చాపలేదు. జీతం తీసుకునే మనిషిని రేపటి నుంచి వద్దనవచ్చు, వేరే మనిషిని వెతుక్కోవచ్చు. తల్లిని ఎలా మాన్పించడం? తన కొడుక్కి ఒక తల్లి, ఒక అక్క పుట్టుకొచ్చారు. ఎక్కడా తన సంతకం లేదు. సైటులో అయితే ఇలాంటి కాగితాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపేసేది.

"నా కొడుకు నా కొడుకే," అంది. "వాడికి తల్లిని నేనే. ఇవాళ్టితో సరి. సంచి సర్దు."

"గట్లనే మేడం," అంది ఫక్రున్నీసా మెల్లగా. "కని మీరింటికి పొయ్యేదాక ఆగడు. మీరొచ్చె యాళ్ళకే తాగాలె వాడు. ఆకలితోనున్నడు."

"నేను పడతాను."

ఎవాంజెలిన్ తెచ్చిన కొత్త డబ్బా తెరిచింది. మూత మీద తేదీ వేయడం మరిచిపోయిందంటే ఆవిడ పరిస్థితి మీకే తెలుస్తుంది. నీళ్ళు కాచి, చల్లార్చి, చెంచాలు లెక్కపెట్టి సీసా కలిపింది. ఆండ్రూని ఒళ్ళో పడుకోబెట్టి నోటికి అందించింది. వాడు ఒకసారి చప్పరించి, మోసపోయానన్నట్టు చూసి, ఉమ్మేశాడు. మళ్ళీ పెట్టింది. తల అటు తిప్పాడు. నాన్నా, బంగారూ, నా తండ్రీ అని బతిమాలింది. నడుం విల్లులా వంచి సీసాని చేత్తో తోసేశాడు. పాలు ఆవిడ ఆఫీసు చొక్కా మీద ఒలికాయి. పది నిమిషాలకి పిల్లవాడి ముఖం కందిపోయింది, తల్లి ముఖం అంతకంటే కందిపోయింది.

సీసా పక్కన పెట్టేసి, గోడ వైపు తిరిగి, చొక్కా గుండీలు తీసి పాలిచ్చింది. ఆండ్రూ ఆత్రంగా అందుకున్నాడు. ఎవాంజెలిన్ కళ్ళు మూసుకుంది. అమ్మయ్య, చూశావా, వీడు నావాడు. నిండా రెండు నిమిషాలు గడవలేదు, వాడు లాగి లాగి విసుగెత్తి వదిలేసి, మళ్ళీ ఏడుపు ఎత్తుకున్నాడు. పగలంతా నిలబడి పనిచేసి వచ్చిన ఒళ్ళు. రాత్రికి గానీ పాలు ఊరవు. ఆ సంగతి తనకు తెలుసు. తెలిసినా ఇవాళ ఎలాగైనా వస్తాయనుకుంది.

వెనక ఉన్న ఫక్రున్నీసా చేతులు చాపలేదు. ఆ పిల్ల దుపట్టా మాత్రం తడిసి ఉంది. బిడ్డ ఏడుపు వింటే పాలు దిగడం ఆడవాళ్ళకు కొత్త కాదు కదా. ఎవాంజెలిన్ ఆ తడి చూసింది. చూసి, లేచి, ఎవరూ అడగకుండానే ఆండ్రూని ఆ చేతుల్లో పెట్టింది.

ఏడుపు ఆగిపోయింది. గదిలో ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, వాడు గుటకలు వేయడం కూడా వినబడింది. తల్లిగా ఎవాంజెలిన్‌కి అంతకన్నా హాయైన చప్పుడు లేదు, అంతకన్నా బాధపెట్టిన చప్పుడూ లేదు. వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. సఫియా పాక్కుంటూ వచ్చి ఆవిడ మెడలోని శిలువ గొలుసు పట్టుకుని లాగడం మొదలుపెడితే, వద్దనే ఓపిక కూడా లేకపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. గుమ్మం దగ్గర ఆగి ఎవరో దగ్గారు. మక్బూల్. నాలుగింటి ట్రిప్పు దింపి వచ్చాడు. గుమ్మానికున్న తెర అవతలే నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళున్నారని, బిడ్డకి పాలిచ్చే వేళ అని అతనికి తెలుసు.

"మేడం వచ్చిండ్రా?" అన్నాడు.

"వచ్చిండ్రు. ఎరుకైంది," అంది ఫక్రున్నీసా.



"మేడం, తప్పయితె మాఫీ చెయ్యండ్రి," అన్నాడు మక్బూల్. "ఆమె చెప్తనంది. నేనే రేపు మాపు అన్న. ఇగ ఇంకో ముచ్చట గూడ దాసుకుంట కూసుంటె లాభం లేదు. నా డ్యూటీ మార్చిండ్రు."

ఎవాంజెలిన్ తల ఎత్తింది. "ఎక్కడికి?"

"మదీనత్ అల్ షమాల్. కొత్త సైటు. శనివారం పొద్దుగాల సామాన్ల బండి వస్తది. మా మేనేజర్‌ను బతిమాలిన మేడం, పసిపిల్ల ఉన్నది అన్న. యల్లా, పోతె పో, లేకుంటె ఖలాస్ అన్నడు."

శనివారం. మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారమే. షమాల్ అంటే దేశానికి ఆ కొసన ఉంటుంది, ఇక్కడి నుంచి దోహా దాకా వెళ్ళి మళ్ళీ అంత దూరం ఎక్కాలి. ఎవాంజెలిన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పావుగంట కిందట ఇవాళ్టితో సరి అన్నది తనే. సరి అనడానికి తన అవసరమే లేకుండా పోయింది. ఆదివారం పొద్దున ఐదింటికి బస్సు వస్తుంది. ఆండ్రూ ఎవరి దగ్గర ఉంటాడు? ఏం తాగుతాడు? తను మానేస్తే ఇంటద్దె ఎవరు కడతారు?

"మేము ఒకటి అనుకున్నం," మక్బూల్ గొంతు ఇంకా తగ్గింది. "కోపం చెయ్యొద్దు. పోరన్ని మాతోని తోల్కపోతం. జుమ్మేరాత్ సాయంత్రం నేనే తెచ్చి మీ ఇంట్ల దించుత. శనివారం మల్ల తీస్కపోత. గింత అన్నం తినుడు మొదలు పెట్టెదాక. రెండు నెలలు, మా అంటె మూడు. నా కొడుకు లెక్క చూసుకుంట మేడం. లెక్క ఏంది, కొడుకే."

ఎంత మంచిగా అడిగాడో చూడండి. తిట్టడానికి కూడా వీల్లేకుండా అడిగాడు. శనివారం నుంచి గురువారం దాకా, వారానికి ఐదు రాత్రులు కొడుకు లేకుండా. ఐదు రాత్రులు పాలివ్వకపోతే ఉన్న ఆ కాస్త కూడా ఎండిపోతాయి. మూడు నెలల తర్వాత తన ఒళ్ళోకి వచ్చే ఆండ్రూ ఎవరి కోసం వెతుక్కుంటాడు? ఈ ప్రశ్నకు జవాబు ఎదురుగా కనబడుతూనే ఉంది. వాడు ఫక్రున్నీసా వేలు గుప్పిట్లో పట్టుకుని, కళ్ళు సగం మూసి, తాపీగా తాగుతున్నాడు.

"ఇంట్ల ఆలోచన చేసుకోండ్రి. సార్‌తోని మాట్లాడండ్రి," అన్నాడు మక్బూల్.

సార్ అన్న మాటకి ఫక్రున్నీసా చప్పున తల తిప్పుకుంది.

ఎవాంజెలిన్ అది చూసింది. ఈసారి వదల్లేదు. చెప్తె నౌకరి ఇడిసిపెడ్తరని అన్నరు. ఎవరన్నారు? చేతిలో ఇంకా ఆ క్లినిక్ కాగితం నలుగుతూనే ఉంది. పాలిచ్చిన మర్నాడే ఇన్ని పరీక్షలు. బస్సు డ్రైవరు ఇంట్లో ఇంత ముందుచూపు ఎవరికి వచ్చింది? క్లినిక్‌లో ఇన్ని పరీక్షలకి డబ్బెవరు కట్టారు? చివరి గీత దాకా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి, ఇందాక సిగ్గుతో సగంలోనే మడిచేసింది. ఇప్పుడు విప్పి, మోకాలి మీద సాఫు చేసి, కింది దాకా చదివింది.

అట్టడుగున, సన్న అక్షరాల్లో, రిపోర్టు కోసం సంప్రదించవలసిన ఫోను నంబరుంది. చివరి నాలుగంకెలు రెండు, రెండు, సున్నా, తొమ్మిది. సెప్టెంబరు ఇరవై రెండు. పెళ్ళి తేదీ కలిసి రావాలని, దుకాణంలో గంటసేపు కూర్చుని రాజ్ కిరణ్ ఏరి తీసుకున్న నంబరు అది.

"ఫక్రున్నీసా, నీ ఫోనివ్వు."

"మేడం..."

"ఇవ్వు."

"సార్‌ది గూడ తప్పు లేదు మేడం. ఆ దినం మీరెత్తకపోతె సార్‌కు చేసిన. పోరడు గట్ల అయితుంటె ఏం చేస్తడు? మీ కడుపు కాల్తదని, మీ నౌకరి పోతదని..."

ఎవాంజెలిన్ వినిపించుకోలేదు. మంచం మీద ఉన్న ఫోను తనే తీసుకుంది. వెతకాల్సిన పని లేదు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి మాట్లాడిన పేరు పైనే ఉంది. ఆండ్రూ నాన్న. ఆ పేరు మీద వేలు నొక్కి చెవికి పెట్టుకుంది. రెండుసార్లు మోగింది.

"ఆ, చెప్పమ్మా ఫక్రున్నీసా." రాజ్ కిరణ్ గొంతు. వెనకాల జనరేటరు హోరు. "శనివారం సంగతి ఎవాంజెలిన్‌తో అనేశారా ఏంటి? అనకండి. రేపు శుక్రవారం చర్చి అయ్యాక నేనే మెల్లగా చెబుతాను. మొదట ఏడుస్తుంది, తర్వాత తనే సర్దుకుంటుంది. బాబు బట్టలు నేను విడిగా సర్ది కారు డిక్కీలో పెట్టేశాను... హలో? వినబడుతోందా? వాడు పాలు తాగుతున్నాడా?"

ఎవాంజెలిన్ కొడుకు వంక చూసింది.

"తాగుతున్నాడండీ," అంది.

జనరేటరు హోరు దూరమైంది, రాజ్ కిరణ్ పక్కకి నడిచాడు.

"శనివారం సంగతి చెబుతానన్నారుగా," అంది ఎవాంజెలిన్. "చర్చి దాకా ఎందుకు? ఇప్పుడే చెప్పండి. వింటున్నాను."